‘పైనుంచి ఆర్డర్’ అంటే ఏ సెక్షన్ సార్?

2020 ఏప్రిల్‌లో మా వీధి మొదట్లో రేకులు అడ్డం కట్టేశారు. కర్నూలు పాతబస్తీలో ఆ నెల చాలా వీధులది అదే పరిస్థితి. రాష్ట్రంలో కేసులు మా జిల్లాలోనే ఎక్కువని రోజూ టీవీలో చెప్పేవాళ్లు. నెలాఖరులో కేంద్రం ఇచ్చిన రెడ్ జోన్ల జాబితాలోనూ కర్నూలు ఉంది. పక్కింటి పెద్దాయనకు షుగర్ మాత్రలు అయిపోతే, డాక్టర్ చీటీ పట్టుకుని రేకుల దగ్గరికి పోయాను. అవతల ఒక కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“యాడికి సార్?”

“మందుల షాపుకన్నా. ముసలాయనకు మాత్రలు కావాల.”

“144 ఉంది సార్. పోనీకి లేదు.”

“144 అంటే గుంపుగా ఉండకూడదని గదా. నేనొక్కడినే ఉండానే.”

“లాక్‌డౌన్ సార్.”

“అది ఏ సెక్షన్?”

ఆయన కాసేపు నా మొహం చూసి, “పైనుంచి ఆర్డర్ సార్” అన్నాడు. తర్వాత తనే చీటీ తీసుకుని, బండి మీద పోయి మాత్రలు తెచ్చి రేకు మీదుగా అందించాడు. మనిషి మంచివాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం కూడా లేదు. ఆ రేకు వెనక నిజంగానే ఒకటి కాదు, మూడు చట్టాలున్నాయి. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకూ తెలియదు, ఆ రోజు నాకూ తెలియదు. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ ముడి విప్పుకుంటే అర్థమైన సంగతులే ఇవి.

ముందు ‘ఎమర్జెన్సీ’ అన్న మాట సంగతి చూద్దాం. ఈ మాట వినగానే మన పెద్దలకు 1975 గుర్తొస్తుంది. రాజ్యాంగం 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ఇప్పటికి మూడుసార్లే వచ్చింది: 1962లో చైనా యుద్ధమప్పుడు, 1971లో పాకిస్తాన్ యుద్ధమప్పుడు, 1975లో ఇందిరాగాంధీ హయాంలో. యుద్ధం, బయటి దేశం దాడి, సాయుధ తిరుగుబాటు. ఈ మూడు కారణాలకు తప్ప ఇప్పుడు దాన్ని వాడటానికి లేదు. వరదలు, భూకంపాలు, కరోనాలు అందులోకి రావు. దేశమంతా తలుపులేసుకుని కూర్చున్న 2020లో కూడా రాజ్యాంగం ప్రకారం దేశంలో ఎమర్జెన్సీ లేదు.

1975లో సాయుధ తిరుగుబాటు స్థానంలో ‘ఆంతరంగిక కల్లోలం’ అన్న మాట ఉండేది. ఎంత లాగితే అంత సాగే మాట అది. పైగా 1976లో సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఐదుగురిలో నలుగురు జడ్జీలు, ఎమర్జెన్సీలో మనిషిని అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుకు వచ్చే హక్కు లేదని తేల్చేశారు. ఆ రెండు పనులకూ విరుగుడు 44వ రాజ్యాంగ సవరణ. ఆ సాగే మాట తీసేసింది. ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టకూడదని గీత గీసింది. 1979 ఏప్రిల్ 30న దానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, నీలం సంజీవరెడ్డి. ఆయన గురించి మా సీమలో కథలు కథలుగా చెప్పుకుంటారు గానీ, ఈ సంతకం గురించి చెప్పినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

రాష్ట్రపతి పాలన వేరే సంగతి. 1973లో జై ఆంధ్ర ఉద్యమమప్పుడు ఒకసారి, 2014లో విభజన ముందు మరోసారి మనం దాన్ని చూశాం. ప్రభుత్వం ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడ మారుతుంది. కడప బస్టాండులో బస్సెక్కే మనిషికి ఆ తేడా కనపడదు.

మరి వీధికి రేకు కట్టే అధికారం ఎక్కడిది? మామూలు చట్టాలది. వాటికి ఎవరూ ఏదీ ప్రకటించనక్కర్లేదు, పార్లమెంటు ఓటు అక్కర్లేదు. కలెక్టరు సంతకం చాలు. పేరు చూసి భయపడే ఎమర్జెన్సీకి ఇన్ని కాపలాలు పెట్టుకున్నాం గానీ, మన గడప దాకా వచ్చే అధికారం మాత్రం ఇలా చప్పుడు లేకుండా ఒక తెల్లకాగితం మీద వస్తుంది.

ఆ కాగితాల్లో అందరికీ తెలిసింది 144. దాని నంబరు మారిపోయింది. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక అది 163వ సెక్షన్. విషయం మాత్రం పాతదే. పేపర్లు, పోలీసులు, జనం ఇంకా 144 అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

నేను రేకు దగ్గర చట్టం తెలిసినట్టు వాదించాను గానీ, నా వాదన తప్పు. ఐదుగురికి మించి గుమికూడకూడదు అన్న లెక్క 144లో ఎక్కడా లేదు. ఆ ఐదు అన్న అంకె చట్టవిరుద్ధ సమూహం గురించి చెప్పే వేరే సెక్షన్‌లోది. 144 చెప్పేది ఒకటే: మనుషుల ప్రాణాలకు ప్రమాదమో, శాంతిభద్రతలకు భంగమో రాబోతోందని మేజిస్ట్రేటుకు అనిపిస్తే, ఫలానా పని మానుకో అని ఒక్క మనిషికైనా, ఊరు మొత్తానికైనా రాతపూర్వకంగా చెప్పవచ్చు. ఆ మేజిస్ట్రేటు కోర్టులో జడ్జి కాదు. కలెక్టరు, ఆర్డీవో, లేదా ప్రభుత్వం ఆ అధికారం ఇచ్చిన రెవెన్యూ అధికారి. రెండు నెలలు దాటి అది నడవదు. రాష్ట్ర ప్రభుత్వం కావాలనుకుంటే ఇంకో ఆరు నెలల దాకా పొడిగించుకోవచ్చు. ఉత్తర్వులో కారణాలు రాయాలి.

సీమలో 144 తెలియని పిల్లోడు ఉండడు. ఫ్యాక్షన్ రోజుల్లో పికెట్లు, బైండోవర్లు (గొడవ చేయమని పూచీ రాయించుకోవడం), 144 మూడూ ఒకే మాటలా వినపడేవి. 2024 మేలో పోలింగ్ అయిన మరుసటి రోజు తాడిపత్రిలో గొడవలు ముదిరాక అదే పెట్టారు. ఇంకో రకం వాడకం చూడాలంటే దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు పోవాలి. మాళమల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహం కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని కొండెక్కే బన్ని ఉత్సవం అది. కర్రలు తేవద్దని, మద్యం అమ్మవద్దని ఏటా ఆంక్షలు పెడతారు. ఏటా కర్రలు వస్తాయి, తలలు పగులుతాయి. ఎన్ని వందల మంది పోలీసులను దించినా సరే. పోలీసులను తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. జనం మనసు పెట్టి ఒప్పుకోని ఆంక్షను కాగితం ఎంతవరకు మోయగలదో చూడాలంటే దానికన్నా మంచి చోటు లేదంతే.

144 గురించి ఎవరూ వాడుకోని ఒక సంగతి ఉంది. ఆ ఉత్తర్వు వల్ల ఇబ్బంది పడే మనిషి, దాన్ని సడలించమనో ఎత్తేయమనో ఇచ్చిన మేజిస్ట్రేటుకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన పిలిచి వినాలి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. పెళ్లికి షామియానా వేసుకున్నవాడు, సంత మీద బతికేవాడు కూడా ఇది చేయవచ్చు. నాకు తెలిసిన వకీళ్లలో ఈ దరఖాస్తు ఒక్కసారైనా రాసినవాళ్లు ఇద్దరు ముగ్గురే.

దీనికి తమ్ముడు లాంటిది పోలీస్ యాక్ట్ 30. ‘డివిజన్‌లో 30 యాక్ట్ అమల్లో ఉంది’ అని జిల్లా పేజీల్లో నెలకోసారి చూస్తుంటాం. 1861 నాటి చట్టం. సభలు, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, అనుమతి తీసుకోమనడానికి అది పనికొస్తుంది. సభలే పెట్టకూడదు అనడానికి కాదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఇదే చట్టం ఆధారంగా జీవో నంబర్ 1 తెచ్చింది. అంతకుముందు కందుకూరులో, గుంటూరులో తొక్కిసలాటలు జరిగి జనం చనిపోయారు కాబట్టి కారణం లేదనలేం. అయినా ఆ మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంటర్నెట్ ఆపే అధికారం ఈ రెండింట్లోనూ లేదు. దానికి టెలికాం చట్టం కింద వేరే నియమాలున్నాయి. రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు రావాలి, ఒక ఉత్తర్వు 15 రోజులు దాటకూడదు. 2022 మేలో కోనసీమలో నెట్ ఆపినప్పుడు మా వాళ్లు కూడా ‘144 పెట్టినారు కాబట్టి నెట్ పోయింది’ అనుకున్నారు. రెండూ ఒకే రోజు వచ్చినా రెండూ వేర్వేరు కాగితాలు. కశ్మీర్‌లో నెట్ ఆపిన కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఇలాంటి ఉత్తర్వులు ఏవైనా సరే జనానికి కనపడేలా ప్రచురించాలని చెప్పింది. ఎవరికీ చూపించని ఉత్తర్వును ఎవరూ ప్రశ్నించలేరు కదా.

ఇక రేకు వెనక రెండో చట్టం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు తెల్లవాళ్లు హడావిడిగా రాసుకున్నది, మొత్తం నాలుగు సెక్షన్లు. రోగం వ్యాపించకుండా రాష్ట్ర ప్రభుత్వం ఏ నియమాలైనా పెట్టవచ్చు, మీరినవాళ్లకు శిక్ష, అధికారులకు రక్షణ. అంతే దాని సారం. ప్రజలకు ఏం ఇవ్వాలో ఒక్క ముక్క లేదు. 2020లో ఆరోగ్య సిబ్బంది మీద దాడులు చేసేవాళ్లకు శిక్షలు చేర్చి దాన్ని కాస్త పెంచారు.

మూడోదే అసలుది. విపత్తు నిర్వహణ చట్టం, 2005. సునామీ వచ్చిన ఏడాదికి పుట్టింది. మన రాజ్యాంగంలో పోలీసులు, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. విపత్తు అన్న మాట మాత్రం మూడు జాబితాల్లో ఎక్కడా లేదు. అందుకే ‘సామాజిక భద్రత’ అన్న ఉమ్మడి జాబితాలోని అంశం కింద పార్లమెంటు ఈ చట్టం చేసింది. 2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ దేశమంతా 21 రోజులు మూసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది ఈ చట్టం కిందే. లాక్‌డౌన్ అన్న మాట అందులో వెతికినా దొరకదు. జాతీయ కార్యనిర్వాహక కమిటీ రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇవ్వవచ్చన్న ఒక చిన్న వాక్యం మీద 130 కోట్ల మందిని ఇళ్లలో కూర్చోబెట్టారు.

అంటే ఆ కానిస్టేబుల్ చెప్పిన ‘పైనుంచి ఆర్డర్’ ఢిల్లీ నుంచి మొదలైంది, దాన్ని జిల్లాలో కలెక్టరు తన ఉత్తర్వుగా మార్చారు, మా వీధికి వచ్చేసరికి రేకు అయింది. మీరితే శిక్ష ఎంత? 144నో అంటువ్యాధుల నియమాన్నో మీరితే అప్పట్లో పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 188వ సెక్షన్ వర్తించేది. మామూలుగా నెల రోజుల జైలో 200 రూపాయల జరిమానానో, ప్రాణాలకు ముప్పు తెచ్చేదైతే ఆరు నెలల దాకా. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223లో అది ఆరు నెలలు, ఏడాది అయింది. ఈ కేసు కోర్టులో నిలబడాలంటే ఒక షరతు ఉంది: ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాసుకుంటే సరిపోదు. ఆ ఏడాది బండ్లు సీజ్ అయిన మా స్నేహితులెవరికీ ఇది తెలియక, కేసు ఏమవుతుందోనని నెలల తరబడి టెన్షన్ పడ్డారు.

విపత్తు చట్టంలో జిల్లా స్థాయిలో అధికారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. దానికి అధ్యక్షుడు కలెక్టరు, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు, జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడు. 34వ సెక్షన్ చదివితే కలెక్టరు చేతిలో ఎంత ఉందో తెలుస్తుంది. ఏ రోడ్డు మూయాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని బయటికి పోనివ్వాలో ఆయన చెప్పవచ్చు. 50వ సెక్షన్ కింద టెండర్లు లేకుండానే సరుకు కొనవచ్చు. వరదలో టెండరు పిలిస్తే బియ్యం వచ్చేలోపు ఊరు ఖాళీ అవుతుంది కాబట్టి అది ఉండాల్సిందే. ఆ సెక్షన్ పేరు వినగానే కొందరు కాంట్రాక్టర్ల కళ్లలో వచ్చే వెలుగు గురించి మాత్రం ఇక్కడ రాయను.

65వ సెక్షన్ సంగతి ఒక ట్రాక్టర్‌తో చెప్పాలి.

2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి, సెలవు రోజు. తుంగభద్ర సుంకేసుల బ్యారేజీని దాటి పొంగింది, హంద్రీ కూడా జోరు మీద ఉంది, రెండూ కలిసే చోటే ఉన్న కర్నూలు మునిగింది. దిగువన శ్రీశైలానికి ఏకంగా 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిన రోజులవి. పాతబస్తీలో మొదటి అంతస్తు దాకా నీళ్లు. పైకి పోగలిగినవాళ్లంతా సీ క్యాంప్ వైపు పోయారు. జోహరాపురం దగ్గర నాకు తెలిసిన ఒకాయన ఆ రోజుల్లో ట్రాక్టర్ మీద బతికేవాడు. బండి గట్టు మీద ఉండబట్టి దక్కింది. నీళ్లు తీస్తుండగా ఒక ఆఫీసు నుంచి మనిషి వచ్చి, “కలెక్టరు గారి ఆర్డర్ అన్నా, ట్రాక్టర్ కావాల” అన్నాడు. ఈయన నాలుగు రోజులు తిప్పాడు. నీళ్ల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు, చివర్లో బురద. డీజిల్ సొంతానిది.

తర్వాత బాడుగ కోసం ఆ ఆఫీసు చుట్టూ తిరిగితే అడిగిన మొదటి ప్రశ్న: “నీకు ఇచ్చిన కాగితం ఏదప్పా?”

కాగితం లేదు. చట్టం ఏం చెబుతోందంటే: సహాయ పనులకు వాహనం గానీ, భవనం గానీ అవసరమైతే రాతపూర్వక ఉత్తర్వుతో స్వాధీనం చేసుకోవచ్చు. అవసరం తీరాక ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచుకోకూడదు. 66వ సెక్షన్ ప్రకారం పరిహారం ఇవ్వాలి. వాహనానికైతే ఆ ప్రాంతంలో నడుస్తున్న బాడుగ రేటు లెక్కన. ఇచ్చింది చాలదనుకుంటే మధ్యవర్తి దగ్గరికి పంపమని అడగవచ్చు. చట్టం అప్పటికే అమల్లో ఉంది. కాగితం రాయాల్సిన బాధ్యత ట్రాక్టర్ వాడిది కాదు, ట్రాక్టర్ తీసుకున్నవాళ్లది. తీరా ఆ కాగితం లేకపోతే నష్టపోయేది మాత్రం ట్రాక్టర్ వాడే.

“అప్పుడే కాగితం అడగొచ్చు గదా?” అని నేనోసారి అడిగాను.

“ఊరు మునిగిపోతాంటే కాగితం అడిగింటే నన్ను మనిషంటారా?” అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ చట్టాలన్నిటికీ ఉన్న ఇబ్బంది అదే అనిపిస్తుంది. హక్కు అడగాల్సిన క్షణంలో అడగటం మనిషితనం కాదనిపిస్తుంది, అడగగలిగే రోజుకు కాగితం ఉండదు. కాబట్టి అడిగినా అడగకపోయినా ఇవ్వాల్సిన పని అధికారిది. ఒక వీఆర్వో జేబులో పది ఖాళీ ఫారాలు, ఒక పెన్ను ఉంటే తీరే సమస్య ఇది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు టార్చిలైట్లు, తాళ్లు సిద్ధం చేసుకుంటారు కదా, ఫారాలు కూడా ఆ సంచిలో వేసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పింది చట్టంలో సగం. ప్రభుత్వం మనకు ఏం చెప్పవచ్చు అన్నది. ప్రభుత్వం మనకు ఏం చేయాలి అన్న సగం కూడా అందులోనే ఉంది, ఎందుకో దాన్ని చదివేవాళ్లు తక్కువ. కరోనా నాటికి ఉన్న 12వ సెక్షన్ ప్రకారం విపత్తులో జనానికి ఇవ్వాల్సిన కనీస సాయం ఎంతో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు సూచించాలి. ఆశ్రయం, తిండి, నీళ్లు, వైద్యం, చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా. కరోనా మరణాలకు ఇది వర్తించదని కేంద్రం వాదిస్తే, 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ సెక్షన్లో ఉన్నది ‘ఇవ్వవచ్చు’ కాదు, ‘ఇవ్వాలి’ అని తేల్చింది. ఆ తర్వాతే ఒక్కో మరణానికి 50 వేల రూపాయలు వచ్చాయి. మా వీధిలో రెండు కుటుంబాలు ఆ డబ్బు తీసుకున్నాయి. రేకు కట్టిన చట్టమే ఆ 50 వేలు కూడా ఇచ్చిందని వాళ్లకు చెబితే ఆశ్చర్యపోయారు.

ఇంకో బాధ్యత హెచ్చరిక. 30వ సెక్షన్లో కలెక్టరు నేతృత్వంలోని సంస్థ చేయాల్సిన పనుల పెద్ద జాబితా ఉంది. ముందస్తు హెచ్చరికలు జనానికి చేరే ఏర్పాటు చేసి దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలన్నది అందులో ఒకటి. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు చెయ్యేరు నది గుర్తొస్తుంది. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో ఆ నది మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన నీళ్లు కూడా తోడయ్యాయి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద పడింది. పదుల మంది పోయారు. కొన్ని నెలలకు అటు పోయినప్పుడు ఒక ఇంట్లో తలుపు మీద సుద్దముక్కతో రాసిన పాల లెక్క కనిపించింది. నవంబర్ 17, 18 తేదీల ఎదురుగా అర లీటరు, అర లీటరు అని ఉంది. 19 లేదు. తలుపు ఉంది, దాని వెనక గోడ లేదు.

ఆ ఘటన జరిగిన నెలన్నరలోపే, 2021 డిసెంబర్ 30న దేశమంతటికీ డ్యామ్ భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. బిల్లు అంతకుముందే నడుస్తోంది, దీని కోసం తెచ్చింది కాదు. అయినా మా జిల్లాల వాళ్లకు అది చెయ్యేరు చట్టంలాగే కనిపిస్తుంది. ఆ చట్టం పరిధిలోకి వచ్చే ప్రతి డ్యామ్‌కూ ఎవరిని ఎప్పుడు ఎలా అప్రమత్తం చేయాలో చెప్పే అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఐదేళ్లలోపు తయారు చేయాలి. అంటే 2026 చివరికి. కట్ట కింద ఊళ్లలో ఉండేవాళ్లు సచివాలయానికి పోయి ఆ ప్రణాళికలో తమ ఊరి పేరు ఉందా అని అడగటంలో తప్పు లేదు.

బాధ్యత తప్పిన అధికారిని ఏం చేయవచ్చు? విపత్తు చట్టం 56వ సెక్షన్లో విధి నిర్వహణకు నిరాకరించిన అధికారికి ఏడాది దాకా జైలు ఉంది. కానీ ఆయన్ను విచారించాలంటే ప్రభుత్వం ముందు అనుమతి ఇవ్వాలి. మంచి ఉద్దేశంతో చేసిన పనికి 73వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. సుప్రీంకోర్టు, హైకోర్టు తప్ప వేరే కోర్టు జోక్యం చేసుకోకూడదని 71 అంటుంది. కర్నూలు జిల్లా కోర్టుకు పోయి సహాయ పనుల మీద స్టే తెచ్చుకోవడం కుదరదు, అమరావతికి పోవాలి. నీళ్లలో ఇల్లు పోయినవాడికి అమరావతి ఎంత దూరమో లెక్క వేసుకోండి. ఒక చిన్న సందు మాత్రం ఉంచారు. 60వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరం జరిగిందనుకుంటే సామాన్యుడు కూడా, 30 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. సాయం సొమ్ము నొక్కేయడం, దొంగ నష్టం చూపించి పరిహారం తీసుకోవడం కూడా ఇందులో నేరాలే. రెండేళ్ల దాకా శిక్ష.

అనంతపురం వాళ్లు ఇక్కడిదాకా చదివి, ‘మాకు వరదలెక్కడివి నాయనా, మా విపత్తు వేరే’ అంటారు. నిజమే. కరువు కూడా ఈ చట్టాల కింద విపత్తే. అసలు మన దేశంలో విపత్తు పాలన పుట్టిందే కరువులోంచి. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం. ఆ చావుల తర్వాతే కరువు కమిషన్, దాని తర్వాత ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. ఏ సూచనలు కనపడితే కరువు అనాలి, ఎప్పుడు పనులు తెరవాలి, ఎంత కూలి ఇవ్వాలి అని కలెక్టరుకు రాసిపెట్టిన నియమాలు. దయ తలచి పెట్టినవి కావు, ఖర్చు లెక్క చూసుకుని పెట్టినవే. అయినా ‘ఇది జరిగితే నువ్వు ఇది చేయాలి’ అని అధికారికి గీత గీసిన తొలి కాగితాలు అవే.

ఇప్పుడు ఆ పని కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ చేస్తోంది. వర్షం లోటు, పంట, నేలలో తేమ లాంటి లెక్కలు చూసి రాష్ట్ర ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటిస్తుంది. పంట 33 శాతం, ఆపైన పోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. వేరుశనగ చెట్టుకు ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే పంట పోయిందని రైతుకు ఆ వారమే తెలుస్తుంది, జీవో రావడానికి నెలలు పడుతుంది. పక్క మండలం జాబితాలో ఉండి మన మండలం లేకపోతే ఆ గొడవ ఎన్నికల దాకా నడుస్తుంది. వరదలో ప్రభుత్వానికి అధికారం కావాలి. కరువులో మనకు ప్రకటన కావాలి. ఒకే చట్టం, రెండు చోట్లా జనం మొహాలు మాత్రం వేరే వైపు తిరిగి ఉంటాయి.

సాయం డబ్బు వచ్చేది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. మన రాష్ట్రానికి అందులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. దేనికి వాడాలో కేంద్రం జాబితా ఇచ్చింది, తుఫాను, కరువు, వరద, వడగళ్లు, మంచుచరియలు విరిగిపడటం సహా పన్నెండు. మేలో 44 డిగ్రీల్లో ఉపాధి పనికి పోయే మనుషులున్న మా సీమకు అతి పెద్ద ముప్పు వడగాలి. 2025 నాటికి ఆ పన్నెండులో అది లేదు, మేమెన్నడూ చూడని మంచుచరియలు ఉన్నాయి. రాష్ట్రాలు తమ సొంత విపత్తుల కోసం ఆ నిధిలో 10 శాతం దాకా వాడుకునే వీలు మాత్రం ఇచ్చారు.

సైన్యం గురించి కూడా ఒక మాట. వరదలో హెలికాప్టర్లు రావడం, అల్లర్లలో సైన్యం దిగడం ఒకటి కాదు. మొదటిది సివిల్ అధికారులకు సాయం, బాస్ కలెక్టరే. రెండోది మామూలుగా మేజిస్ట్రేటు అడిగితేనే, ఆ గుంపును చెదరగొట్టేంత వరకే. ఉగ్రవాద కేసుల సంగతి ఇంకా వేరు. పోలీసు వ్యవస్థ రాష్ట్రానిదే అయినా, ముంబై దాడుల తర్వాత 2008 చివర్లో వచ్చిన జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చట్టం కింద కేంద్రం తనంతట తానే కేసును తీసుకోవచ్చు. అందులో కలెక్టరుకు పాత్ర లేదు. ‘భద్రత’ అన్న ఒకే మాట కింద వీటన్నిటినీ కలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

2025 ఏప్రిల్ నుంచి విపత్తు చట్టానికి కొత్త సవరణ అమల్లో ఉంది. కార్పొరేషన్ ఉన్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను రాష్ట్రం పెట్టుకోవచ్చు. కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టరు ఉపాధ్యక్షుడు. కర్నూలు, కడప, అనంతపురం మూడూ కార్పొరేషన్లే. హంద్రీ గట్టు మీద ఇళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కలెక్టరు కన్నా కమిషనర్‌కే ఎక్కువ తెలియాలి కాబట్టి ఆలోచన మంచిదే. కాకపోతే వరద రోజున ట్రాక్టర్ అడిగే మనిషి ఏ ఆఫీసు పేరు చెబుతాడన్నది ఇక ఇంకో ప్రశ్న.

జోహరాపురం ఆయనకు ఈ సవరణ గురించి చెప్పాను. ఇప్పుడు ట్రాక్టర్ కొడుకు నడుపుతున్నాడు. ఆయన లేచి బండి దగ్గరికి పోయి టూల్‌బాక్స్ తెరిచి చూపించాడు. స్పానర్ల మధ్య, గ్రీజు అంటకుండా పాలిథిన్ కవర్లో చుట్టి, ఒక ఎక్సర్‌సైజు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. మొదటి పేజీలో నాలుగు గీతలు గీసి ఉన్నాయి: తేదీ, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలు, సంతకం.

“నేను అడగలేను సార్” అన్నాడు. “మా వాడికి మొహమాటం లేదు.”